మడమ కదలకూడదు

ఫిగర్ స్కేటింగ్ చూసేవాళ్ళ కళ్ళు ముందు బ్లేడు మీదికి పోతాయి. మెరిసేది అదే, మంచు మీద గీత గీసేదీ అదే. బూటు తెల్లగానో నల్లగానో కాలికి తొడుగులా కనిపించి ఊరుకుంటుంది. ఒక మంచి జతను బల్ల మీద పెట్టుకుని, లేసులు విప్పి, నాలుక వెనక్కి మడిచి, లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి. పనితనమంతా ఎక్కడ దాగుందో అప్పుడు తెలుస్తుంది. మడమ దగ్గర లోపలి గోడ వేళ్ళను బిగించినట్టుగా ఇరుకవుతుంది. చీలమండ ఎముక వచ్చే చోట మెత్తటి గుంట తగులుతుంది. మీగాలి మీదికొచ్చే నాలుక బయటికి మందంగా కనిపించినా లోపల ఉన్ని పరుపులా ఉంటుంది. వెనక, మడమ నరం ఆనే చోట, పై అంచును కావాలనే కిందికి కోసి ఉంటారు. ఇందులో ఏ ఒక్కటీ అందం కోసం చేసింది కాదు.

బ్లేడు మందం 4 మిల్లీమీటర్ల పైచిలుకు. దాని అడుగున పొడవునా ఒక గాడి, గాడికి అటూ ఇటూ రెండంచులు. స్కేటర్ దాదాపు ఎప్పుడూ ఆ రెండంచుల్లో ఒక్కదాని మీదే నిలబడి ఉంటాడు. ఆ అంచును లోపలికో బయటికో వాల్చేది చీలమండ. గాలిలోకి ఎగిరి, సెకనులోపే మూడు నాలుగు చుట్లు తిరిగి, ఒంటికాలి మీద, అదీ వెనక్కి జారుతూ దిగినప్పుడు, ఆ కాలి మీద పడే తాకిడి శరీర బరువుకు 5 నుంచి 8 రెట్ల దాకా ఉంటుందని కొలిచినవాళ్ళు చెబుతారు. 50 కిలోల అమ్మాయి అయితే 250 నుంచి 400 కిలోలన్నమాట. ఆ క్షణంలో మడమ బూటులో రెండు మిల్లీమీటర్లు లేచిందంటే, చీలమండ అడిగిన వాలు ఒకటి, మంచుకు అందిన వాలు మరొకటి. పిడిలో వదులైన కొడవలితో కోత కోసినవాళ్ళకి ఈ తేడా చెప్పక్కర్లేదు.

బూటు ఎంపికలో అందరూ మూడు మాటలు చెబుతారు: కాలికి అమరిక, బరువు, మన్నిక. ఈ మూడూ సమానమైనవన్నట్టు చెప్పడం నాకు నచ్చదు. అమరిక మిగతా రెంటికీ పెద్దది. బరువు గురించి అమ్మేవాళ్ళు చెప్పేది కాస్త ఎక్కువ. మన్నిక గురించి కొనేవాళ్ళు అనుకునేది చాలావరకు తలకిందులు. ఎందుకో చెప్పాలంటే ముందు బూటు ఎలా తయారవుతుందో చూడాలి.

పాత పద్ధతిలో చేసే తోలు బూటును తీసుకుందాం. అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున, మిన్నెసోటా రాష్ట్రంలో రెడ్ వింగ్ అనే చిన్న ఊరుంది. తోలు శుద్ధికీ, కూలీలూ రైతులూ తొడిగే మోటు బూట్లకీ అది పేరున్న ఊరు. బూట్ల పని తెలిసిన పాల్ రీడెల్, ఆయన భార్య సోఫీ ఇద్దరూ స్కేటర్లే. 1945లో వాళ్ళు అక్కడ మొదలుపెట్టిన రీడెల్ కంపెనీ ఇప్పటికీ స్కేటింగ్ బూట్లు చేస్తోంది. కాలిఫోర్నియాలోని సాన్ కార్లోస్‌లో హార్లిక్ వాళ్ళది 1930ల నాటి సంస్థ. కాలి కొలతలు తీసుకుని ఒక్కొక్కరికీ విడిగా కుట్టివ్వడంలో దానికి పేరుంది. ఇలాంటి చోట్ల పని తోలు కోతతో మొదలవుతుంది. చర్మమంతా ఒకేలా ఉండదు. వెన్ను పొడవునా ఉండే తోలు బిగువుగా ఉంటుంది, పొట్ట వైపుది సాగుతుంది. చీలమండకు పక్కల నిలబడాల్సిన ముక్కలను వెన్ను భాగం నుంచే తియ్యాలి. ఎటు సాగుతుందో చూసి, లేసు లాగే దిక్కున సాగకుండా తిప్పి కొయ్యాలి. కుడి బూటు ముక్కకీ ఎడమ బూటు ముక్కకీ మందం, బిగువు కలవాలి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఒక బూటు నిటారుగా, మరొకటి ఒరిగిపోయి ఉంటాయి. కొన్న రోజున ఈ తేడా ఎవరి కంటికీ కనిపించదు.

తర్వాత ముక్కల అంచులను పలచగా చెక్కుతారు. రెండు ముక్కలు కలిసే చోట మందం రెట్టింపైతే లోపల గట్టు ఏర్పడి, ఆ గట్టు చర్మాన్ని ఒరుస్తుంది. పై తోలుకీ లోపలి అస్తరుకీ మధ్య బిగువునిచ్చే పొర వస్తుంది. ఒకప్పుడు అది కూడా తోలే, పొర మీద పొర. ఇప్పుడు వేడికి మెత్తబడి చల్లారాక గట్టిపడే ప్లాస్టిక్ జాతి పొరలు వాడుతున్నారు. చీలమండ చుట్టూ మెత్తటి స్పాంజి. కుట్టడం పూర్తయిన తొడుగును కాలి ఆకారపు అచ్చు మీదికి ఎక్కించి, పటకారుతో కింది అంచును లాగి, మేకులు కొట్టి బిగిస్తారు. లాగే చెయ్యి ఎంత బలంగా, ఎటువైపు లాగిందన్న దాని మీదే మడమ గుంట ఆకారం ఆధారపడుతుంది. ఎక్కువ లాగితే తోలులోని సాగుడంతా అక్కడే ఖర్చయిపోయి, కాలు పడ్డాక సర్దుకోవడానికి ఏమీ మిగలదు. తక్కువ లాగితే బూటు కొన్నాళ్ళకే సంచీ అవుతుంది. అచ్చు మీదే కొంతకాలం ఉంచి, ఆకారం నిలిచాక తీస్తారు.

సోల్, హీలు కూడా పొరలు పొరలుగా పేర్చిన తోలే. మధ్యలో పాదం వంపు కింద ఉక్కు పట్టీ ఉంటుంది. అంత మందం ఎందుకంటే బ్లేడును పట్టి ఉంచే మరలు అందులోకి దిగి కరుచుకోవాలి. ముందు పలక సోల్‌కీ వెనక పలక హీలుకీ బిగుస్తాయి కాబట్టి, ఆ రెండు తలాలూ ఒకదానికొకటి సరిగ్గా తూగాలి. వెంట్రుకవాసి వంకర ఉన్నా, మరలు బిగించగానే బ్లేడు మెలితిరుగుతుంది. మెలితిరిగిన బ్లేడు మీద ఎంత గొప్ప స్కేటరైనా ఒక పక్కకి జారిపోతూనే ఉంటాడు. ఆ తప్పు తన కాలిదనే అనుకుంటాడు. మంచి ఫిట్టర్లు బిగించే ముందు ఆ తలాలను ఉక్కు స్కేలుతో పరీక్షించి, అవసరమైతే పలచటి తోలు చీలిక వేసి సరిచేస్తారు. ఆ పనికి బిల్లులో వేరే వరుస ఉండదు.

ఇదంతా ఇలా ఎందుకు తయారైందో చరిత్రలో ఉంది. 19వ శతాబ్దం మధ్య దాకా జనం మామూలు బూట్లకే బ్లేడును పట్టీలతో కట్టుకుని జారేవాళ్ళు. 1860లలో వియన్నాను ఊపేసిన అమెరికన్ జాక్సన్ హెయిన్స్ బ్లేడును నేరుగా బూటుకే మరలతో బిగించుకున్నాడని చెబుతారు. బ్లేడూ బూటూ ఒకే పరికరమైంది అప్పుడే. అప్పటికే ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉక్కు పని ముదిరింది. అక్కడి జాన్ విల్సన్ పేరు 1696 నుంచి వస్తోంది, నేటికీ పెద్ద పోటీల్లో ఆ బ్లేడ్లు కనిపిస్తాయి. ఉక్కు చాలా ముందే కుదురుకుంది, బూటే వెనకబడింది. 1882లో నార్వే వాడు ఆక్సెల్ పాల్సెన్ వియన్నాలో తన పేరుతో నిలిచిపోయిన ఎగురును పరుగు స్కేట్ల మీదే చేశాడు. ఒకటిన్నర చుట్లకు అవి సరిపోయాయి. డిక్ బటన్ 1948లో డబుల్ ఆక్సెల్, 1952లో ట్రిపుల్ లూప్, కర్ట్ బ్రౌనింగ్ 1988లో నాలుగు చుట్ల టో లూప్, ఇలియా మాలినిన్ 2022లో నాలుగున్నర చుట్ల ఆక్సెల్. చుట్లు పెరిగేకొద్దీ బూటు గోడలూ గట్టిపడుతూ వచ్చాయి.

ఇందులో ఎక్కువమంది పట్టించుకోని మలుపు ఒకటుంది. మంచు మీద ఎనిమిది అంకె ఆకారాలు గీస్తూ, గీసిన గీత మీదే మళ్ళీ గీసే నిర్బంధ ఫిగర్ల పోటీ ప్రపంచ స్థాయిలో 1990తో ఆగిపోయింది. ఈ ఆటకు ఆ పేరే వాటి వల్ల వచ్చింది. ఫిగర్లకు మెత్తగా వంగే చీలమండ కావాలి. చాలామంది వాటికి ఒక జత, ఎగుళ్ళకు మరో జత ఉంచుకునేవాళ్ళు. ఫిగర్లు పోయాక ఆ మెత్తటి జతా పోయింది, ఆ సాధన గంటలన్నీ ఎగుళ్ళకు మళ్ళాయి. గట్టి బూటు రోజంతా కాలికే ఉండిపోయింది. ఇవాళ దుకాణంలో మనం చూసే బూటు ఆ మార్పుకు పుట్టిన బిడ్డ.

ఇప్పుడు అమరిక. వీధిలో తొడిగే బూటు సైజు ఇక్కడ పనికిరాదు, సాధారణంగా అంతకంటే చిన్నదే వస్తుంది. పాదాన్ని నిలబడి కొలవాలి, ఎందుకంటే బరువు పడ్డప్పుడు పాదం పొడవూ వెడల్పూ పెరుగుతాయి. రెండు పాదాలనూ కొలవాలి, అవి సమానంగా ఉండటం అరుదు. పొడవు, వేళ్ళ మొదళ్ళ దగ్గర వెడల్పు, మీగాలి ఎత్తు, మడమ సన్నదనం ఈ నాలుగూ వేర్వేరు కొలతలు. ఉత్తర అమెరికా కంపెనీలు వెడల్పుకు అక్షరాలు వాడతాయి. ఇటలీ వాళ్ళ ఎడెయా పొడవును మిల్లీమీటర్లలోనే చెబుతుంది, 5 మిల్లీమీటర్ల మెట్లతో. ఈ మిల్లీమీటర్ల పద్ధతి నాకు నచ్చుతుంది, అందులో బుకాయింపుకి చోటు తక్కువ.

తొడిగేది పలచటి సాక్సు మీదే. మందపాటి ఉన్ని సాక్సు వేసుకుని బూటు కొంటే, కొన్నది సాక్సుకి, కాలికి కాదు. లేసులు కట్టాక నిటారుగా నిలబడితే వేలి కొసలు ముందు గోడను అలా తాకీ తాకనట్టు ఉండాలి. మోకాళ్ళు వంచగానే మడమ వెనక్కి కూర్చుని, వేళ్ళకు ఆ కాస్త ఖాళీ దొరకాలి. వేళ్ళు ముడుచుకోకుండా చదునుగా ఆడాలి. మడమ మాత్రం ఏం చేసినా లేవకూడదు. మునివేళ్ళ మీద లేచినా, ఫిట్టర్ బూటును నేలకు నొక్కిపట్టి కాలు పైకెత్తమన్నా లేవకూడదు. వేళ్ళ దగ్గర ఇరుకైతే సరిచేయవచ్చు, చీలమండ దగ్గర గుచ్చుకుంటే సరిచేయవచ్చు. మడమ వదులైతే దానికి మందులేదు. అదనపు అట్టలు పెట్టీ లేసులు బిగించీ కొన్నాళ్ళు నెట్టుకొస్తారు. ఆ నెట్టుకురావడంలో మీగాలి మీద లేసు కోత మొదలవుతుంది.

లేసు రంధ్రాల వరుసలు ఏం చెబుతాయో చూడటం నాకిష్టమైన పని. కొత్త తోలు బూటును కట్టినప్పుడు రెండు వరుసల మధ్య రెండు వేళ్ళ ఖాళీ ఉండాలి, తోలు రేపు సాగుతుంది కాబట్టి. ఆ ఖాళీ పైనుంచి కిందిదాకా సమానంగా ఉండాలి. కింద విచ్చుకుని పైన కలిసిపోతే వేళ్ళ దగ్గర వెడల్పు చాలలేదని, కింద కలిసిపోయి పైన విచ్చుకుంటే బూటు ముందు భాగం అవసరానికి మించి వెడల్పని. కొత్తలోనే రెండు వరుసలూ ఆనుకుంటే ఆ బూటు ఇంకా బిగించడానికి చోటే లేదు. కట్టే తీరుకూ ఒక వరుస ఉంది. వేళ్ళ మీద కాస్త వదులుగా, మీగాలి మలుపులో గట్టిగా, పై కొక్కేల దగ్గర మళ్ళీ కాస్త సడలించి. అన్నిచోట్లా ఒకేలా బిగించిన బూటులో మోకాలు వంగదు.

దక్షిణ భారతంలో జీవితమంతా చెప్పుల్లేకుండా నడిచిన వాళ్ళ పాదాలను కొలిచి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, బూట్లలో పెరిగిన పాదాల కంటే అవి ముందు వైపు వెడల్పుగా ఉన్నాయని తేలింది. మడమ సన్నగా, ముందు విశాలంగా ఉండే పాదానికి మామూలు అచ్చు మీద చేసిన బూటు పడదు. ముందు వైపు సరిపోయేది తీసుకుంటే మడమ ఆడుతుంది. ఇలాంటివారికి ముందు ఒక వెడల్పు, మడమ దగ్గర మరో వెడల్పుతో బూటు చేసిచ్చే కంపెనీలున్నాయి. ధర పెరుగుతుంది, నిరీక్షణా పెరుగుతుంది, కానీ అడగవచ్చన్న సంగతే చాలామందికి తెలియదు.

ఇప్పటి బూట్లను ప్రత్యేకమైన ఓవెన్‌లో, చాలా కంపెనీల లెక్కన 80 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల, కొద్ది నిమిషాలు వేడిచేసి కాలికి తొడిగిస్తారు. లేసులు కట్టుకుని, మోకాళ్ళు కాస్త వంచి, చల్లారేదాకా కూర్చోవాలి. లోపలి పొర చీలమండ ఆకారాన్ని పట్టుకుంటుంది. ఒకప్పుడు నెలల తరబడి బొబ్బలతో సాగిన పనిలో కొంత భాగం ఇలా అరగంటలో అయిపోతుంది. కొంతే సుమా. ఎముక గుబ్బ ఇంకా ఒత్తుకుంటే, ఫిట్టర్ దగ్గర ఒక పటకారు ఉంటుంది. ఒక దవడకు ఇనుప గుండు, మరో దవడకు కడియం. గుండును బూటు లోపల, కడియాన్ని బయట పెట్టి నొక్కితే ఆ ఒక్క చోటే తోలు ఉబ్బి గుంట పడుతుంది. మంచి ఫిట్టర్ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, నొక్కి, తొడిగించి, నడిపించి, మళ్ళీ నొక్కుతాడు. తొందరపడేవాడు ఒకేసారి నొక్కేస్తాడు. తోలును వెనక్కి తెచ్చే పటకారు ఇంకా ఎవరూ చెయ్యలేదు.

అమరిక కుదరని బూటు పెద్దవాళ్ళను కూడా వదల్లేదు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన కొరియా స్కేటర్ యూనా కిమ్, 2006లో కాలికి పడే బూటు దొరక్క ఆట మానేద్దామనుకునే దాకా వెళ్ళింది. కాలు చెడితే వైద్యుడు ఉంటాడు. బూటు చెడితే ఎవరికి చూపించాలో ఆ వయసు పిల్లకు ఎలా తెలుస్తుంది!

బరువు సంగతికొస్తే, ఇటలీ ఉత్తరాన ట్రెవీసో ప్రాంతంలో మాంటెబెల్లూనా చుట్టుపక్కల ఊళ్ళన్నీ కొండలెక్కే బూట్లకూ స్కీ బూట్లకూ పెట్టింది పేరు. 20వ శతాబ్దం రెండో సగంలో అక్కడి చెప్పులవాళ్ళు తోలు నుంచి ప్లాస్టిక్‌కు మారి, ప్రపంచంలోని స్కీ బూట్లలో పెద్ద వాటాను తయారుచేశారు. ఎడెయా కంపెనీ ఆ ప్రాంతంలోనే క్రొచెట్టా దెల్ మాంటెల్లో అనే ఊళ్ళో ఉంది. పొరల తోలు బదులు మైక్రోఫైబర్, తోలు సోల్ బదులు సింథటిక్ సోల్. బూటును చేతిలోకి తీసుకోగానే తేడా తెలుస్తుంది. స్కీ బూటు చేసిన చేతుల జ్ఞానం అందులో కనిపిస్తుంది. పక్కలకి గట్టిగా, ముందుకి వంగే చోట కోత పెట్టి మెత్తగా. బిగువు ఎంత అన్నది కాదు, ఎక్కడ అన్నదే వాళ్ళు ఆలోచించారు. పాత తోలు బూటు కొత్తలో అన్ని దిక్కులా గట్టిగా ఉండి, స్కేటర్ కాలే దాన్ని ముందుకి విరిచి దారి చేసుకోవాల్సి వచ్చేది. ఇక్కడ ఆ దారి తయారీలోనే వేసి ఇస్తున్నారు. నా దృష్టిలో దీని గొప్పతనం బరువు తగ్గించడం కంటే ఇదే.

అయినా బరువు లెక్క చెప్పుకోదగినదే. బూటుకు 200 గ్రాములు తగ్గాయనుకుందాం. తిరిగే వస్తువులో బరువు ప్రభావం అక్షం నుంచి దూరానికి వర్గం చొప్పున పెరుగుతుంది. ఎగురు మొదట్లో స్వేచ్ఛగా ఊగే కాలు అక్షానికి 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, గాలిలో కాళ్ళు మెలివేసుకున్నాక 10 సెంటీమీటర్లలో ఉంటుంది. మొదటి చోట ఆ 200 గ్రాముల ప్రభావం రెండో చోట కంటే 64 రెట్లు. అంటే తేలిక బూటు గాలిలో గిర్రున తిరిగేటప్పుడు పెద్దగా సాయపడదు. కాలును బయట నుంచి లోపలికి చప్పున చేర్చేటప్పుడు, దిగగానే మళ్ళీ బయటికి విసిరి తిరుగుడును ఆపేటప్పుడు సాయపడుతుంది. రోజుకు వందసార్లు కాలెత్తే పిల్లకు సాయంత్రానికి తొడ కండరాలు చెప్పేదీ ఆ తేడానే.

అయితే ఒక్కమాట. కాలి చివర వేలాడే బరువులో ఉక్కు బ్లేడు వాటా తక్కువేం కాదు. అల్యూమినియం దేహానికి సన్నటి ఉక్కు అంచు తొడిగిన బ్లేడ్లూ, కార్బన్ ఫైబర్ దేహపు బ్లేడ్లూ వచ్చింది అందుకే. తేలిక బూటు కోసం ఎంతో ఖర్చుపెట్టి, బరువైన బ్లేడు దానికి బిగించుకునేవాళ్ళున్నారు. ఇంకోవైపు, పాత తరం స్కేటర్లలో కొందరికి ఆ బరువే లయ. కాలు విసిరినప్పుడు లాగే ఆ భారం లేకపోతే స్పిన్‌లోకి వెళ్ళే వేళ తప్పుతుందంటారు. వాళ్ళతో నేను వాదించను. పక్షం రోజుల్లో అలవాటవుతుందని చెప్పడం తేలిక, పోటీ పది రోజుల్లో ఉన్నప్పుడు వినడం కష్టం.

మన్నిక దగ్గరే మనవాళ్ళతో నాకు పేచీ. జూన్‌లో బడి బూట్లు కొనేటప్పుడు ఒక సైజు పెద్దది తీసుకుని ముందు దూది కుక్కిన సంప్రదాయం మనది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూతుర్ని రింక్‌కు తీసుకెళ్ళే తెలుగు తండ్రి కూడా అదే లెక్క వేస్తాడు: పెరిగే కాలు, ఖరీదైన వస్తువు, పెద్దదీ గట్టిదీ కొంటే మూడేళ్ళొస్తుంది. రెండూ తప్పే. పెద్దది కొంటే మడమ ఆడుతుంది. అవసరానికి మించి గట్టిది కొంటే 25 కిలోల పిల్ల దాన్ని వంచలేదు. చీలమండ వంగకపోతే మోకాలు వంగదు, మోకాలు వంగకపోతే నడుము ముందుకి పడిపోతుంది. కోచ్ రోజూ నిటారుగా నిలబడమంటాడు, ఆ పిల్ల రోజూ ప్రయత్నిస్తుంది. బూటు బిగువును స్కేటర్ బరువుకూ, చేస్తున్న ఎగుళ్ళకూ తూచి ఎంచుకోవాలి, చెయ్యబోయే ఎగుళ్ళకు కాదు. కంపెనీలు బిగువుకు అంకెలు ఇస్తాయి, కానీ ఒక కంపెనీ అంకెను మరో కంపెనీ అంకెతో పోల్చకూడదు. ఎవరి కొలబద్ద వాళ్ళది.

బూటుకు ఆయుష్షు ఉంటుంది. వారానికి ఒకటి రెండుసార్లు వచ్చేవాళ్ళకు ఏళ్ళు వస్తుంది. రోజూ ట్రిపుల్స్, క్వాడ్స్ చేసేవాళ్ళకు కొన్ని నెలలే. చీలమండ మలుపులో మొదట చిన్న ముడత పడుతుంది, అది మంచిదే, బూటు కాలికి లొంగిందన్నమాట. ఆ ముడత లోతై, బూటు పై భాగం చేతితో నొక్కితే పక్కకి వాలిపోతుంటే దాని పని అయిపోయినట్టే. 2017లో హెల్సింకీ ప్రపంచ పోటీల్లో అమెరికా కుర్రాడు నేథన్ చెన్ సడలిపోయిన బూట్లకు టేపు చుట్టుకుని దిగి ఆరో స్థానంతో సరిపెట్టుకున్నాడు. అయిదేళ్ళ తర్వాత ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడి కథ ఇది. పోటీ ముందు కొత్త జత వెయ్యలేరు, పాత జత నిలబడదు. ఈ సందులో ఇరుక్కోని స్కేటర్ ఉండడు.

కొన్నిసార్లు మొత్తం బూటు కాదు, లేసే చాలు. 1994 శీతాకాల ఒలింపిక్స్‌లో టోన్యా హార్డింగ్ లేసు తెగి, మధ్యలో ఆగి, న్యాయనిర్ణేతల బల్ల మీద కాలు పెట్టి చూపించింది. మళ్ళీ మొదలుపెట్టడానికి అనుమతిచ్చారు, చివరికి ఎనిమిదో స్థానం వచ్చింది.

తోలు సోల్‌కు అసలు శత్రువు తడి. మరల రంధ్రాల్లోంచి నీరు లోపలికి దిగి తోలును కుళ్ళబెడుతుంది, మర తిరుగుతుంది గాని పట్టదు. అందుకే కొత్తలోనే అడుగున మైనమో రంగు పూతో వేయిస్తారు. ప్రతి సాధన తర్వాత బ్లేడూ అడుగూ తుడవాలి, గట్టి ప్లాస్టిక్ తొడుగుల్లో కాకుండా గుడ్డ తొడుగుల్లో ఉంచాలి, బూటును సంచీలోంచి తీసి గాలికి ఆరనివ్వాలి. హీటర్ పక్కన పెడితే తోలు పగులుతుంది.

ఈ గట్టి బూటును కాదని ఒక ప్రయత్నం జరిగింది. డెలావేర్ విశ్వవిద్యాలయంలో శరీర కదలికలను అధ్యయనం చేసే జిమ్ రిచర్డ్స్ బృందం, చీలమండ దగ్గర మడతబందు ఉన్న బూటును రూపొందించింది. పక్కలకి బిగువు అలాగే ఉంచి, ముందుకీ వెనక్కీ పాదాన్ని స్వేచ్ఛగా వంగనిస్తే, మంచును తాకేటప్పుడు వేలు ముందు, మడమ తర్వాత మెల్లగా దిగి తాకిడి తగ్గుతుందన్నది ఆలోచన. మామూలు బూటులో పాదం చాచే వీలు తక్కువ, మడమ దబ్బున పడుతుంది. ఆలోచన సబబైనదే. 2000ల మొదట్లో కెనడా కంపెనీ జాక్సన్ దాన్ని తయారుచేసి అమ్మింది కూడా. ఆట మాత్రం దాన్ని తీసుకోలేదు. చిన్నప్పటి నుంచి గట్టి బూటులో నేర్చుకున్న ఎగురు వేళ మారిపోతుంది, చూపుకి కాలి గీత తెగినట్టుంటుంది. ఈ ఆటలో గీత తెగకుండా కనిపించడానికి మార్కులున్నాయి. మంచి ఆలోచన ఓడిపోయినందుకు నాకిప్పటికీ కాస్త బాధే.

మన ఊళ్ళలో మంచు లేదు గాని ఈ బూటు ఉంది. చక్రాల మీద చేసే ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆ ఆటకూ ఇదే జాతి బూటు కావాలి. బ్లేడు స్థానంలో నాలుగు చక్రాల లోహపు పలక బిగుస్తుంది. పలకా చక్రాలూ కలిసి బ్లేడు కంటే బరువు కాబట్టి, బూటు బరువు లెక్క అక్కడ మరింత పదునెక్కుతుంది. దిగే నేల జారుతూ లొంగే మంచు కాదు, చెక్కో సిమెంటో. మన దగ్గర గుండూ కడియమూ పటకారు పట్టిన ఫిట్టర్ అరుదు. పాదం గీత గీసి విదేశాలకు పంపించుకోవాలి. ఆ గీత గీసేటప్పుడు నిలబడి, పెన్సిల్‌ను నిటారుగా పట్టుకుని గీయాలి. పెన్సిల్ లోపలికి వాలితే పాదం చిన్నదవుతుంది, వచ్చే బూటూ చిన్నదే.

బ్లేడు బూటు కంటే ఎక్కువ కాలం బతుకుతుంది, పొడవు సరిపోతే పాత బ్లేడు కొత్త బూటుకు ఎక్కుతుంది. మొదట కోలగా ఉండే రంధ్రాల్లో కొన్ని మరలే వేసి, నాలుగు రోజులు జారి, బ్లేడు ఎటు లాగుతోందో చూసి, అటూ ఇటూ జరిపి, అప్పుడే మిగతా మరలు దింపాలి. కొత్త జత కొనడానికి వెళ్ళేటప్పుడు పాత జతను కూడా సంచీలో వేసుకెళ్ళండి. దుమ్ము దులపకండి, పాలిష్ పెట్టకండి. ముడత లోపలి వైపు లోతుగా ఉందా బయటి వైపా, లోపలి అట్ట మీద చెమట మరక ఎక్కడ నల్లబడింది, ఏ కొక్కెం వంగింది, మడమ అస్తరు ఏ ఎత్తున చిరిగింది అన్నవి ఫిట్టర్ చదువుకుంటాడు. మడమ అస్తరు నిలువునా అరిగి ఉంటే, ఆ కాలు ఇన్నాళ్ళూ బూటులో లేస్తూ పడుతూ ఉందన్నమాట. అప్పుడు అతను కొలత పట్టీని మళ్ళీ మొదటినుంచి తీస్తాడు.